పుస్తకం తెరిచి రాసే పరీక్ష

తల్లివేరుకీ పీచువేరుకీ తేడా రాయమంటే మా రోజుల్లో నాలుగు మార్కులు. పట్టిక బట్టీపట్టి, పక్కన పటం గీసి, నాలుగుకి నాలుగూ తెచ్చుకున్నాను. పరీక్ష రాసి ఇంటికొస్తూ బడి వెనకున్న గరికను తొక్కుకుంటూనే నడిచాను. ఒక మొక్క పీకి చూద్దామని మాత్రం తోచలేదు. చూశావా అని అడిగినవాళ్లూ లేరు.

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో అడిగారు. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు 1972లో అక్కడి 16 మాధ్యమిక పాఠశాలల్లో విజ్ఞాన బోధన కార్యక్రమం మొదలుపెట్టాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు పల్లెటూరి పంతుళ్ల పక్కన కూర్చుని పాఠాలు అల్లారు. 1978లో అది జిల్లా అంతటా పాకింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఆ భారం తలకెత్తుకుంది.

వాళ్ల పాఠ్యపుస్తకం పేరు ‘బాల వైజ్ఞానిక్’. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు ఒక్కో భాగం. మన కళ్లతో చూస్తే అది సగం రాసి వదిలేసిన పుస్తకంలా ఉంటుంది. ఏం చేయాలో, ఏది గమనించాలో, గమనించినది ఏ గడిలో నింపాలో చెబుతుంది, ఆపైన ప్రశ్నలు అడుగుతుంది. జవాబులు పిల్లలే తేల్చుకోవాలి.

వేరు, ఆకు పాఠమే తీసుకోండి. పిల్లలు నలుగురేసి జట్లుగా పొలం గట్ల మీదికి వెళ్లి మొక్కల్ని వేళ్లతో సహా పెకలించి తేవాలి. ఆకులో ఈనెలు వలలా అల్లుకున్నాయా, పక్కపక్కన గీతల్లా సాగాయా? వేరు ఒక్కటే లావుగా దిగిందా, గుబురుగా పీచులా ఉందా? పట్టిక నిండేసరికి వల ఈనెలున్నవాటికి తల్లివేరు, గీతల ఈనెలున్నవాటికి పీచువేరు అని వాళ్లకే కనబడుతుంది. పేచీ రాకపోదు. ఒక జట్టు తొందరపడి లాగితే తల్లివేరు మట్టిలోనే తెగిపోతుంది, మిగిలిన పిల్లవేళ్లు చూసి పీచువేరని రాసేస్తారు. పక్క జట్టు ఒప్పుకోదు. తీర్పు చెప్పేయాలని పంతులు నాలుక దురద పెట్టేది ఇక్కడే. ఇంకో మొక్క తెచ్చి చూడండి అని ఊరుకోవడమే ఆయన పని. చెప్పినంత తేలిక కాదది. అందుకే వేసవి శిక్షణలో పంతుళ్లు ముందు తామే పిల్లలై ఆ ప్రయోగాలన్నీ చేసేవారు. ఏడాది పొడవునా నెలనెలా కలిసి, ఏ పాఠం ఎక్కడ ఎదురుతిరిగిందో మాట్లాడుకునేవారు.

సామగ్రి ఖర్చు తక్కువే. 1978లో అక్కడికి వచ్చిన ఇంజనీరు అరవింద్ గుప్తా అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో త్రిభుజాలూ ఘనాలూ కట్టించడం మొదలుపెట్టింది ఈ పనిలోనే.

నా లెక్కన అసలు తెగువ పరీక్షలో ఉంది. పాఠం ఎంత కొత్తగా చెప్పినా ఏడాది చివర పాత ప్రశ్నే అడిగితే, జనవరి నాటికి పిల్లలు గైడు కొనుక్కుంటారు. హోషంగాబాద్ వాళ్లు పరీక్ష హాల్లో పుస్తకాన్నీ, పిల్లలు స్వయంగా రాసుకున్న నోట్సునీ తెరిచి పెట్టుకోనిచ్చారు. దానితోపాటు చేతులతో చేసి చూపే పరీక్ష కూడా ఉండేది. పుస్తకం ఎదురుగా ఉన్నప్పుడు తేడాలు రాయమనడం దండగ. ఎన్నడూ చూడని ఆకు చేతికిచ్చి దీని వేరెలా ఉండొచ్చు, ఎందుకనుకుంటున్నావు అని అడగాలి. తప్పుగా నింపిన పట్టిక ఇచ్చి ఏ గడి మీద అనుమానమో చెప్పమనాలి. అలాంటి ప్రశ్న తయారుచేయడానికి పంతులుకు ఒక పూట పడుతుంది, దిద్దడానికి ఇంకా ఎక్కువ. పిల్లవాడు ఊహించని జవాబు రాసి, దానికి సరైన కారణం చూపిస్తే మార్కులు వేయక తప్పదు మరి. మన బిట్ పేపర్‌కు ఈ బాధ లేదు, అందుకే అది ఇంకా బతికుంది.

2002లో రాష్ట్ర ప్రభుత్వం ఈ కార్యక్రమాన్ని ఆపేసింది. అప్పటికి అది సుమారు వెయ్యి బడులకు చేరింది.

అది నడిచిన రోజుల్లో, పుస్తకంలో ఇమడని సందేహాలను పిల్లలు సవాలీరామ్‌కు ఉత్తరాలుగా రాసేవారు. హిందీలో సవాల్ అంటే ప్రశ్న. ఆ పేరుతో మనిషంటూ ఎవరూ లేరు. ఉత్తరాలు మాత్రం వచ్చేవి, కార్యక్రమం వాళ్లే సవాలీరామ్ పేరుతో జవాబులు రాసేవారు.