ముందు కూర్చునే చోటు

పోయిన ఆదివారం ఆబిడ్స్‌లో ఒక పెద్దమనిషి నా చేత తిట్లు తినబోయి తప్పించుకున్నాడు. జీపీవో దగ్గర ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల మధ్య నేనూ, మా చిన్నక్కా తిరుగుతున్నాం. అక్క కుడిపాదం ఒక కట్టకు తగిలి తూలింది. ఆయన చప్పున చెయ్యి అందించి, "ఎందుకమ్మా ఈ ఒంటితో బజార్లు? ఇంట్లో రెస్టు తీసుకోవచ్చు కదా" అన్నాడు. మంచిమనసుతోనే అన్నాడు. నాకు మాత్రం నషాళానికి అంటింది. అక్క నా మోచెయ్యి నొక్కి, ఆయనకు నవ్వుతూ దండం పెట్టి, ఇరవై రూపాయల పుస్తకాన్ని పదిహేనుకు బేరమాడే పనిలో పడింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా రెండు పాత గోలలు తెలుసు. ఒకటి ఫుట్‌పాత్‌లు. రెండోది, పడిశెం నుంచి మనోవ్యాధి దాకా అన్నిటికీ మన ఇళ్లలో రాసిచ్చే ఒకే చీటీ: "పడుకో, రెస్టు తీసుకో." ఈ వారం రెండూ ఒకేచోట ఎదురయ్యాయి.

అక్కకు ఎమ్మెస్, అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్. ముప్పై నాలుగో ఏట ఆ పేరు చెప్పినప్పుడు మా అమ్మ, "ఎమ్మెస్ అంటే సుబ్బులక్ష్మి కదరా" అంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి, మెదడులో, వెన్నుపాములో నరాలను చుట్టి ఉండే మైలిన్ అనే తొడుగును కొరికేస్తుంది. జగదీష్ మార్కెట్‌లో కొన్న చార్జరు తీగ చిరిగితే ఫోను ఎక్కీ ఎక్కనట్టు ఉంటుంది చూడండి, మెదడు చెప్పిన మాట కాలికి అలా అందుతుంది.

అప్పట్లో ఒక డాక్టరు అలవద్దన్నాడు. మేం ఆ మాటను మంత్రంలా పట్టుకుని అక్కను మంచం దిగనివ్వలేదు. రెండేళ్లకు తొడలు సన్నబడ్డాయి. అందులో జబ్బు చేసింది కొంత, మంచం చేసింది కొంత.

అలవద్దనడానికి వెనక ఒక కథ ఉంది. 1890లో జర్మనీ కంటి వైద్యుడు విల్హెల్మ్ ఊట్‌హాఫ్, కొందరు రోగులకు ఒళ్లు అలవగానే చూపు మసకబారడం గమనించాడు. అసలు కారణం ఒంట్లో వేడి పెరగడమని తర్వాత తేలింది. అర డిగ్రీ పెరిగినా చాలు, తొడుగు పోయిన నరం మొండికేస్తుంది; చల్లబడగానే మామూలవుతుంది. అది జబ్బు ముదరడం కాదు. అయినా భయం మాత్రం నిలిచిపోయి, దశాబ్దాల పాటు ఎమ్మెస్ వాళ్లకు వ్యాయామం వద్దనే చెప్పారు. 1996లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్లు 15 వారాలు, వారానికి మూడుసార్లు వ్యాయామం చేయించి చూశారు. దమ్ము పెరిగింది, కాళ్ల, చేతుల బలమూ పెరిగింది. 2013లో కెనడా నిపుణులు జబ్బు తీవ్రత తక్కువగానో, మధ్యస్థంగానో ఉన్నవాళ్లకు లెక్క కట్టి చెప్పారు: వారానికి రెండుసార్లు అరగంట చొప్పున ఒక మోస్తరు వ్యాయామం, రెండుసార్లు కండబలం కోసం కసరత్తు. యూటా కబురు మా ఇంటికి చేరడానికి పదేళ్ల పైనే పట్టింది.

ఇప్పుడు అక్క పొద్దున ఆరింటికే, వంటింట్లో పొయ్యి వెలిగించకముందే, ఫ్యాను కింద మొదలుపెడుతుంది. గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి, మళ్లీ మెల్లగా కూర్చోవడం, పదిసార్లు. కాసేపాగి మరో పది. లేవడం కన్నా కూర్చోవడమే కష్టమంటుంది. దబ్బున పడకుండా తొడ బిగబట్టి దిగాలి. తర్వాత వంటగట్టు పట్టుకుని మడమలెత్తడం. ఆ తర్వాత పాదానికి రబ్బరు పట్టీ తగిలించి వేళ్లను తనవైపు లాక్కోవడం, నడుస్తుంటే ఆ కుడిపాదమే కిందికి వాలిపోతుంది కాబట్టి. ఫిజియో ఆమెకు మొదటిరోజే చెప్పాడట: నరం వల్ల పోయిన బలం మన చేతిలో లేదు, వాడక పోయిన బలం మనదే, రాబట్టుకోవచ్చు. తొడబలం త్వరగానే తిరిగొచ్చింది. నడక అంత త్వరగా మాట వినలేదు.

వాలే పాదానికి అర అంగుళం లేచిన టైలు కూడా కొండే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఎమ్మెస్ ఉంది. ఆ మాట చెబితే అక్క, "చట్టంల ఉన్న గానీ ఫుట్‌పాత్ మీద లేనురా" అంటుంది.

జనవరి కదా, అక్క నడక అనగానే నాంపల్లి ఎగ్జిబిషన్, మా నుమాయిష్ గుర్తొస్తోంది. చిన్నప్పుడు ఏటా తప్పకుండా వెళ్లేవాళ్లం. 1938లో బాగే ఆమ్‌లో మొదలై 1946లో ఇప్పటి మైదానానికి వచ్చిందని గేటు దగ్గర ప్రతిసారీ మా నాన్న పాఠం చెప్పేవాడు. పాఠం అవగానే అక్క నా మణికట్టు పట్టుకుని దూసుకుపోయేది. కశ్మీరీ శాలువలు, లక్నో కుర్తాలు, మిర్చి బజ్జీలు, పిల్లల రైలు, ఒక్క స్టాలు వదిలేది కాదు. అక్క నడకను అందుకోవడానికి నేను పరుగెత్తాల్సి వచ్చేది. ఒకసారి నా చెప్పు తెగినా ఆగలేదు. నాన్న మాత్రం లోపలికి రాగానే ముందు కూర్చునే చోటు వెతుక్కునేవాడు. "మీరు తిరిగి రండి" అని పేపరు తీసేవాడు. బద్ధకస్తుడని అందరం నవ్వుకునేవాళ్లం. రాత్రి పదింటికి నాంపల్లి స్టేషన్ దాకా నిద్రమత్తులో ఉన్న నన్ను భుజాన వేసుకుని మోసింది ఆయనే. ఆ సమయానికి మిగతా అందరి కాళ్లూ పీకేవి. ఈ రెండు సంగతులకూ సంబంధం ఉందని నలభై ఏళ్లుగా నాకు తట్టలేదు.

మళ్లీ పోయిన ఆదివారానికి వద్దాం. ఆ పెద్దమనిషి మీద కోపంతో, ఆబిడ్స్ నుంచి నాంపల్లి మెట్రో దాకా ఆటో ఎక్కకుండా నడిపించి తీరాలని నిశ్చయించుకున్నాను. స్టేషన్ రోడ్డులో ఫోనులో అడుగులు లెక్కపెడుతూ నడుస్తున్నాను. కొద్ది దూరం వెళ్లాక అక్క ఒక స్టేషనరీ దుకాణం ముందు ఆగింది. మొహంలో అలుపు లేదు. షాపతను స్టూలు లాగాడు, కూర్చుంది.

"ఇంకా బాగానే నడుస్తున్నావు కదక్కా, అప్పుడే ఎందుకు?"

"అలిసినంక కూసుంటే మల్ల లేవనీకి రాదురా. అలవకముందే కూసోవాలె. నువ్వేమన్న పందెం కట్టినవా?"

ఐదు నిమిషాలు, కొన్న పుస్తకంలో రెండు పేజీలు. లేచినప్పుడు కుడిపాదం మళ్లీ నేల వదిలి లేచింది. ఆగకుండా నడిచి ఉంటే అది ఈడ్చుకుపోయేదని నాకు తెలుసు. పట్టుదలతో నడిచి పడిపోయిన రోజులూ నేను చూశాను. పొద్దున కుర్చీలోంచి లేచి కూర్చునే కసరత్తులో రెండో సగానికి అర్థం నాకు స్టేషన్ రోడ్డులో తెలిసింది.

కాబట్టి రెస్టు మీద ఇన్నేళ్లుగా నేను ఇదే చోట రాసిన రాతల్లో సగం వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పెద్దమనిషికి సగం క్షమాపణ. రెస్టు కావాలన్న మాట నిజమే, చోటు మాత్రం తప్పు చెప్పాడు. అది ఇంట్లో మంచం మీద కాదు, బజారు మధ్యలో దొరకాలి. నాన్న అది ముందే కనిపెట్టాడు.

ఆ రోజు అక్క దారిలో రెండుసార్లు కూర్చుని, మెట్రో లిఫ్టు దాకా తన కాళ్ల మీదే వచ్చింది. ఆబిడ్స్, నాంపల్లి దుకాణదారులకు ఒక మనవి: షట్టరు ఎత్తగానే బయట ఒక స్టూలు వేయండి. కొనేవాళ్లా కాదా అని చూడకండి.