కాలకేయుల బాస, ఎరుకల బాస

బాహుబలి మొదటి భాగంలో (2015) కాలకేయులు మాట్లాడేది ఉత్త గోల కాదు. అది కిలికి అనే కల్పిత భాష. తమిళ రచయిత మదన్ కార్కీ సుమారు 750 మాటలతో, 40 వ్యాకరణ సూత్రాలతో దాన్ని కట్టాడు. ఆస్ట్రేలియాలో చదువుకుంటూ పిల్లల్ని ఆడించే పని చేసినప్పుడు అల్లిన ఆటమాటలే దీనికి మూలం. పసిపిల్లల ఆటబాస తెర మీదికొచ్చేసరికి ఒళ్లంతా నల్లరంగు పూసిన అనాగరికుల బాస ఎట్లయింది? సినిమాలో ఆ బాసలో మనం వినేది బెదిరింపు, యుద్ధం. లాలిపాట లేదు, ఆడమనిషి గొంతు లేదు. నాలుకతో టక్కుమనిపించే శబ్దాలు మాత్రం ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో ఖోసా జనానికి అట్లాంటి శబ్దాలు అమ్మ మాటలు. మండేలా మాతృభాష అదే.

ఈ విద్యలో పెద్దపేరు టోల్కీన్‌ది. ఈ ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసరు 1931 నాటి ప్రసంగంలో భాషలు కల్పించడం తన రహస్య వ్యసనమన్నాడు. ఎల్ఫులకు ఫిన్నిష్, వెల్ష్ సొగసులతో భాషలిచ్చాడు, పాటలిచ్చాడు, పూర్వచరిత్ర ఇచ్చాడు. మోర్డోర్ ఏలిక తన బానిసల కోసం తయారుచేసిన కటువైన బాసకేమో 'నల్ల భాష' అని పేరు. ఏ శబ్దం తియ్యన, ఏది కర్కశం అని తేల్చేది చెవి కాదు, పెత్తనం.

మన రామకుప్పం, కుప్పం వైపు మూడు రాష్ట్రాల హద్దు. సంతలో తెలుగు, తమిళం, కన్నడం కలిసే నడుస్తాయి. మన జిల్లా ఎరుకలోళ్ల కుర్రు బాస వీటికి చుట్టమే, తమిళానికి మరీ దగ్గర. దాన్ని ఏ రచయితా కల్పించలేదు. బుట్టలల్లి, పందులు మేపి, సోది చెప్పి బతికినోళ్లు నిలబెట్టుకున్న బాస అది. మద్రాసు ప్రభుత్వం 1911 నేరస్త జాతుల చట్టం కింద వాళ్లను దొంగల పట్టీలో చేర్చింది. ఆ చట్టం 1952లో పోయింది. పోలీసు చెవికి దొంగబాసగా వినబడ్డం పోయిందా? ప్రొఫెసరు రహస్యం కళ, ఎరుకల రహస్యం నేరం.

ఇంకో సంగతి. అదే సినిమా తమిళ మాటల్లో అరుంధతీయులను కించపరిచే పదముందని 2015 జులైలో మదురైలో నిరసన లేచింది. ఆ తమిళ మాటలు రాసిందీ కార్కీయే. లేని జాతికి 40 సూత్రాలు కూర్చిన కలంలోంచి ఉన్న జాతి పేరు తిట్టుగా వచ్చింది.

కిలికికి 2020లో లిపి కూడా పెట్టారు. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చదివే మన పిల్లలు కుర్రు మాటలు సేకరించడానికి పోతే, దొంగమాటల కోసం వెతక్కుండా, బుట్టపని మాటలు, లాలిపాటలు ముందు రాసుకోవాలి. రాసింది ఆ ఇళ్లలోనే చదివి వినిపించి, తప్పులు వాళ్లతోనే దిద్దించుకోవాలి.