వేడి చేసిందా, వదినగారూ?

నారాయణగూడ మార్కెట్లో ఏ గంప ముందు నిలబడ్డా ఒక మాట చెవిన పడక మానదు: "అది వేడి చేస్తుందండీ!" మామిడిపండు వేడి, బెల్లం వేడి, కోడిగుడ్డు సరేసరి. సొరకాయ, పెసరపప్పు, సబ్జాగింజలు చలవ. వైద్యం చదవకపోయినా మన ఇళ్లలో ప్రతి ఇల్లాలూ సగం వైద్యురాలే. ఈ విద్య మీద నాకు చులకన లేదు. ఎండలో వస్తే ముందు మజ్జిగ చేతికిచ్చే అమ్మమ్మ దగ్గర పెరిగినదాన్నే. కాని ఈ మాటను మనం ఏం చేసుకున్నామో ఒకసారి నిలదీసి చూడాలనిపించింది. అందుకు కారణం హిమాయత్‌నగర్‌లో మా పక్కవాటా వదినగారు.

పోయిన వేసవిలో ఆవిడకు మెట్లెక్కితే ఆయాసం, కూర్చుని లేస్తే కళ్లు తిరగడం. ఇంటిల్లిపాదీ "వేడి చేసింది" అని తేల్చేశారు. రెండు నెలలు కొబ్బరినీళ్లు, సబ్జా నీళ్లు. నేనూ ఒక గ్లాసు బార్లీ పంపించినదాన్నే సుమా! చివరికి నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7. ఉండాల్సింది 12.

మరి శాస్త్రం తప్పా? సుశ్రుతుడు ఆరోగ్యవంతుడెవరో చెబుతూ వాత పిత్త కఫాలు సమంగా ఉంటే చాలని ఊరుకోలేదు. జఠరాగ్ని, ధాతువులు, మలాలు అన్నీ తమ తమ తీరున నడవాలి. ఇంద్రియాలూ మనసూ ఆత్మా ప్రసన్నంగా ఉండాలి అన్నాడు. అటువంటివాణ్ణి 'స్వస్థుడు' అన్నాడు, అంటే తనలో తాను నిలిచినవాడు. ఎంత చక్కని మాట! జబ్బు లేకపోవడమొక్కటే ఆరోగ్యం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రాజ్యాంగంలో రాసుకున్నది, అది అమల్లోకి వచ్చింది 1948లో.

మన నగరానికి ఇంకో తక్కెడ కూడా ఉంది, యునానీ. గ్రీకుల నుంచి అరబ్బుల మీదుగా వచ్చిన ఆ వైద్యంలో రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అని నాలుగు రసాలు. వాటి కలయికే మిజాజ్. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో "మిజాజ్ ఎలా ఉంది?" అని అడగటమంటే, మీ లోపలి పాళ్లు సరిగ్గా ఉన్నాయా అని అడగటమే. తెలుగులోకి వచ్చేసరికి "ఆవిడకు మిజాజు ఎక్కువ" అయి కూర్చుంది పాపం!

ఇన్ని పళ్లేల త్రాసును మనం రెండు పళ్లేలకు కుదించేశాం. పైగా "శాస్త్రంలో ఉంది" అని దబాయింపు ఒకటి. కడుపుతో ఉన్న పిల్లకు బొప్పాయి పండు ముక్క కూడా ఇవ్వం. పచ్చికాయలోని పాల సంగతి వేరు, ఆ జాగ్రత్త మంచిదే. కాని బొప్పాయి అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి రాకతో మనకు చేరిన చెట్టు. చరకుడు దాన్ని కంటితో చూసి ఎరుగడు. టమాటా, బంగాళదుంప, మిరపకాయలదీ అదే దారి.

నాకు అన్నిటికన్నా కష్టం వేసిందొకటి. వదినగారి జబ్బు ఆ పాత గ్రంథాలకు తెలియనిది కాదు. చరకుడు పాండురోగానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. ఒళ్లు పాలిపోవడం, ఆయాసం, నీరసం అన్నీ చెప్పి, ఇనుము కలిసిన మందులు రాశాడు. (అలాగని ఎవరినీ అడక్కుండా భస్మాలు కొని మింగకండి!) చదువుకున్న వైద్యుడు ఆవిడ కనురెప్ప లాగి చూస్తే చాలు, పట్టేసేవాడు. మనం 'వేడి' అనేసి రెప్ప లాగి చూసే పని తప్పించుకున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత కనిపించింది. అంతమందికీ వేడే చేసిందంటారా?

ఇంకొకటి. శరీరానికి ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం మూడు ఊతకర్రలన్నాడు చరకుడు. తెల్లవారుజామున అయిదింటికి లేచి, అందరి పథ్యాలూ అమర్చి, అడుగున మిగిలింది తిని, రాత్రి పదకొండింటికి నడుం వాల్చే మనిషికి మొదటి రెండూ ఎక్కడున్నాయి? మామగారికి ఉప్పు తక్కువ, పిల్లవాడికి కారం తక్కువ, ఆయనకు నూనె తక్కువ. ఈ సమతూకమంతా ఒక మనిషి చేతిమీద నడుస్తోంది. ఆవిడ స్వస్థత లెక్క రాసే పుస్తకం మాత్రం ఆ ఇంట్లో లేదు.

డాక్టరమ్మ రాసిచ్చిన ఐరన్ మాత్రలు మొదలుపెట్టి మూడు నెలలైంది. కాఫీతో కాదు, నిమ్మరసంతో వేసుకోమన్నారట. మొన్న నేను వెళ్లేసరికి వాళ్లత్తగారు ఆ సీసా తిప్పి తిప్పి చూస్తున్నారు.

"ఇవి మరీ వేడమ్మా, ఒకరోజు వేసుకుని ఒకరోజు మానెయ్యరాదూ?"

"డాక్టరమ్మ మానమన్నప్పుడు మానేస్తాను లెండి అత్తయ్యా," అంటూ వదినగారు మాత్ర వేసుకుని, మెట్లెక్కి డాబా మీద వడియాలు తీయడానికి వెళ్లారు. ఆయాసపడలేదు.