బెల్టు వినేది, డాప్లర్ చూసేది

కవలలను మోస్తున్న తల్లికి ఎన్.ఎస్.టి. తీసేటప్పుడు పొట్ట మీద మూడు ప్రోబులు పెట్టి బెల్టులు బిగిస్తారు. రెండు బిడ్డల గుండె చప్పుళ్ళకు, ఒకటి గర్భాశయం గట్టిపడడాన్ని పట్టుకోవడానికి. ఇద్దరిలో ఒక బిడ్డ కడుపులోనే పోయిందనుకోండి, మర్నాటి నుంచి రెండు ప్రోబులే పెడతారు. మూడోది మిషను కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది. తల్లి కళ్ళు దాని మీదకే పోతాయి.

ఆ రోజు నుంచి మిగిలిన బిడ్డకు ఆసుపత్రి రెండు కాపలాలు పెడుతుంది. ఒకటి ఈ బెల్టు. వైద్యులు సీటీజీ అంటారు, మన వార్డుల్లో ఎన్.ఎస్.టి. అన్న పేరే వాడుక. రెండోది డాప్లర్ స్కాన్. ఫైల్లో రెండు రిపోర్టులూ ఒకదాని మీద ఒకటి ఉంటాయి కాబట్టి రెండూ ఒకే సంగతి చెబుతాయనీ, ఒకటి చేస్తే రెండోది చేసినట్టేననీ ఇంటివాళ్ళు అనుకోవడం సహజం. కొన్నిచోట్ల ఆసుపత్రుల నడవడిక కూడా అలాగే ఉంటుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఆ పొరపాటు ఎంత దూరం పోతుందో తెలుస్తుంది.

పుట్టుకను బట్టి చూస్తే ఇవీ కవలలే. కదిలే వస్తువు నుంచి వచ్చే తరంగాల తీరు మారుతుందని 1842లో క్రిస్టియన్ డాప్లర్ చెప్పిన సూత్రమే రెంటికీ మూలం. బెల్టులోని ప్రోబు ఆ సూత్రంతో గుండె కదలికను పట్టి, నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కగడుతుంది. స్కాన్ అదే సూత్రంతో నాళంలో నెత్తురు ఎంత వేగంగా పోతోందో కొలుస్తుంది.

పెరిగిన ఇళ్ళు మాత్రం వేరు. బెల్టు పురిటిగదిలో పెరిగింది. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ హాన్ చేసిన పని నుంచి 1968లో హ్యూలెట్-ప్యాకార్డ్ అమ్మకానికి పెట్టిన మిషను దాకా దాని ధ్యాసంతా నొప్పులు పడుతున్న తల్లి మీదే. ఈ నిమిషంలో బిడ్డ ఎలా ఉంది, ఆపరేషన్ చెయ్యాలా, ఆగాలా? ఇదే దాని ప్రశ్న. డాప్లర్ స్కాన్‌కు ఆ తొందర లేదు. 1977లో డబ్లిన్‌లో ఫిట్జ్‌జెరాల్డ్, డ్రమ్ అనే ఇద్దరు బొడ్డుతాడులో నెత్తురు పారే తీరును పరిశీలించి చూపించారు. మాయ సరిగా పనిచేస్తోందా, బిడ్డకు అందాల్సింది అందుతోందా, రాబోయే రోజుల్లో ఏం కావచ్చు? ఇవి దాని ప్రశ్నలు. పురిటిగదిలో పుట్టిన సాధనాన్ని ఇంకా పది వారాలు నిలవాల్సిన గర్భానికి తెచ్చి కట్టినా, దాని పాత అలవాటు పోలేదు. అది ఇప్పటికీ ఈ నిమిషం గురించే మాట్లాడుతుంది.

బెల్టు రాసే గీత చదవడం తేలికే అనిపిస్తుంది. 110 నుంచి 160 మధ్య ఉండాలి, రంపపు పళ్ళలా సన్నగా ఎగుడుదిగుడులు ఉండాలి, బిడ్డ కదిలినప్పుడు గీత పైకి లేవాలి. సాఫీగా సాగే గీతను చూసి మనం సంతోషిస్తాం గానీ, డాక్టరు భయపడేది దాన్ని చూసే. 20 నిమిషాల్లో ఇవన్నీ కనబడితే ఆ పూటకు బిడ్డ బాగున్నట్టు. బిడ్డ నిద్రలో ఉంటే ఇంకో 20 నిమిషాలు ఆగాలి. 28 వారాల లోపు గీతకు అర్థం చెప్పడం కష్టం. ఇంకో చిక్కు ఉంది. ప్రోబు కాస్త పక్కకు జరిగితే తల్లి నాడినే బిడ్డ గుండెగా రాసేస్తుంది. ఒక బిడ్డ పోయిన గర్భంలో ఈ పొరపాటు ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. అందుకే మంచి సిస్టర్ బెల్టు కట్టాక తల్లి మణికట్టు పట్టుకుని నాడి సరిచూస్తుంది.

డాప్లర్ రిపోర్టు ఇంటివాళ్ళకు అంతుపట్టదు. అక్షరాలు, అంకెలు, ఎరుపు నీలం మరకలు. కానీ అధ్యయనాల సాక్ష్యం దాని పక్షాన ఉంది. ప్రమాదమున్న గర్భాల్లో బొడ్డుతాడు డాప్లర్ వాడినప్పుడు, పుట్టకముందూ పుట్టిన కొద్ది రోజుల్లోనూ బిడ్డలు పోవడం 1.7 శాతం నుంచి 1.2 శాతానికి తగ్గిందని, అధ్యయనాలన్నిటినీ కలిపి తూచే కోక్రేన్ సమీక్ష తేల్చింది. అందులో పదివేలకు పైగా తల్లుల లెక్క ఉంది. కాన్పుకు ముందు తీసే మామూలు సీటీజీ గురించి 2015 నాటి కోక్రేన్ సమీక్షకు అలాంటి మేలు స్పష్టంగా కనబడలేదు. గీతను కంప్యూటర్ చదివితే ఫలితం మెరుగ్గా ఉందని మాత్రం అదే సమీక్ష చెప్పింది. ఈ అధ్యయనాలు ఒక కవలను పోగొట్టుకున్న తల్లుల మీద ప్రత్యేకంగా చేసినవి కావు. ఆ తల్లుల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు కాపలాదారుల మధ్య తేడా ఇంకా లోతుగా బయటపడుతుంది. అక్కడ అసలు ప్రశ్న వేరే ఉంది: ఇద్దరు బిడ్డలకూ మాయ ఒకటా, రెండా?

మాయ ఒకటే అయితే ఇద్దరి నాళాలూ లోపల కలిసి ఉంటాయి. ఒక బిడ్డ గుండె ఆగగానే ఆ బిడ్డ నాళాల్లో ఒత్తిడి పడిపోతుంది. బతికున్న బిడ్డ నెత్తురు పల్లానికి నీరు పారినట్టు అటు పారుతుంది. నిమిషాల్లో, గంటల్లో జరిగిపోయే సంగతి ఇది. అంతర్జాతీయ ప్రసూతి అల్ట్రాసౌండ్ సంఘం ఐసూఆగ్ 2016 మార్గదర్శకాల ప్రకారం, మాయ ఒకటైనప్పుడు రెండో బిడ్డ కూడా పోయే ముప్పు 15 శాతం, బతికినా మెదడు ఎదుగుదల దెబ్బతినే ముప్పు 26 శాతం. మాయలు రెండైతే అవే అంకెలు 3, 2.

ఈ అంకెలు చదివాక వార్డు బయట రోజూ వినబడే మాట గుర్తుకొస్తుంది. "పోయిన బిడ్డ లోపలే ఉంటే రెండో బిడ్డకు విషం ఎక్కదా డాక్టరుగారూ? వెంటనే ఆపరేషన్ చేసి తీసెయ్యండి." అమ్మమ్మ నోట ఆ మాట ప్రేమతోనే వస్తుంది. కానీ అక్కడ విషమేమీ లేదు. తల్లి నెత్తురు గడ్డకట్టే గుణం దెబ్బతినడం బహు అరుదు, దానికి రక్తపరీక్ష ఉంది. మాయ ఒకటైతే దెబ్బ తగిలేది బిడ్డ పోయిన ఆ ఘడియలోనే. నెలలు నిండని బిడ్డను మర్నాడు హడావిడిగా బయటికి తీస్తే తగిలిన దెబ్బ మానదు, నెలలు తక్కువ బిడ్డ కష్టాలు దాని మీద వచ్చి పడతాయి. అందుకే నెలలు నిండడానికి దగ్గరలో లేకపోతే ఆగమంటారు. ఊపిరితిత్తుల ఇంజెక్షన్ ఇచ్చి, 34-36 వారాల దాకా చూడమంటారు.

ఇప్పుడు కాపలాదారులను పిలిచి అడుగుదాం. నిన్న రాత్రి దెబ్బ తగిలిందా? బెల్టుకు జవాబు తెలియదు. నెత్తురు మరీ తగ్గిపోతే గీత ఒకే కొలతతో మెత్తగా ఊగే అలలా మారుతుంది, అంతవరకు అదీ సాక్షే. అంతకు తక్కువ దెబ్బైతే మామూలు గీతే రావచ్చు, ఇంటిల్లిపాదీ గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు. డాప్లర్ నేరుగా బిడ్డ మెదడులోని నడిమి ధమని దగ్గరికి వెళుతుంది. నెత్తురు పలచబడితే అక్కడ వేగం పెరుగుతుంది. ఆ వయసు బిడ్డలకుండే మధ్యస్థ వేగానికి ఒకటిన్నర రెట్లు దాటితే రక్తహీనత ఉన్నట్టేనని 2000లో జ్యాంకార్లో మారీ బృందం చూపించింది. రెంటిలో నిన్నటి రాత్రిని చదవగలిగింది డాప్లరే.

అలాగని దానికి పట్టం కట్టేస్తే తప్పవుతుంది. మెదడుకు తగిలిన దెబ్బ డాప్లర్‌లో కనబడదు. మామూలు స్కాన్‌లోనైనా వెంటనే కనబడదు. బయటపడడానికి వారాలు పడుతుంది. అందుకే 4 నుంచి 6 వారాల తర్వాత బిడ్డ మెదడును మళ్ళీ వివరంగా చూడమనీ, వీలైతే ఎమ్మారై తీయమనీ చెబుతారు. రోజుకు రెండుసార్లు బెల్టు కట్టినంత మాత్రాన ఆ ఒక్క పరీక్ష చేసినట్టు కాదు.

మాయలు రెండైతే కథ మారుతుంది. నాళాలు కలవవు కాబట్టి ఆ రాత్రి దెబ్బ ఉండదు. అక్కడి ప్రమాదం నెలలు నిండకుండా కాన్పు రావడం, లేదా మొదటి బిడ్డను తీసుకుపోయిన కారణం తల్లిలోనే ఉండిపోవడం. బీపీ అలాంటిదే. కాబట్టి అక్కడ తల్లి బీపీ పట్టీ, బిడ్డ ఎదుగుదల చూసే స్కాన్, నెలలు పైబడ్డాక బెల్టు, అన్నీ సమానంగా పనికొస్తాయి. మాయ ఒకటైన తల్లికీ, రెండైన తల్లికీ ఒకే చార్టు రాసే ఆసుపత్రి ఇద్దరిలో ఒకరికి అన్యాయం చేస్తున్నట్టే.

ఇంత తేడా ఉన్నా వార్డులో బెల్టుదే రాజ్యం. దానికి కారణాలున్నాయి. బెల్టును సిస్టర్ కట్టగలదు, రాత్రి రెండింటికైనా కట్టగలదు. డాప్లర్‌కు చెయ్యి తిరిగిన డాక్టరు కావాలి. మన దేశంలో 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద మిషనుకు, కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉండాలి, గర్భిణి స్కాన్ ప్రతిదానికీ ఫారం-ఎఫ్ నింపాలి. ఆడపిల్లల కోసం వచ్చిన ఆ చట్టం అవసరాన్ని ఎవరూ కాదనలేరు. కానీ జిల్లా కేంద్రం దాటితే ఇలాంటి స్కాన్ చదవగల చేతులు తక్కువ. అందుబాటులో ఉన్నదే అవసరమైనదిగా చలామణీ అయిపోతుంది.

రెండో కారణం తల్లి చెవి. బెల్టు కట్టగానే గది నిండా గుర్రం పరుగెత్తినట్టు చప్పుడు. ఆ 20 నిమిషాలూ తల్లి భయం తగ్గి ఉంటుంది. డాప్లర్ గదిలో డాక్టరు తెర వైపు తిరిగి మౌనంగా కొలుచుకుంటుంటే తల్లి పై ప్రాణాలు పైనే పోతాయి. పోయినసారి చెడుకబురు ఆ మౌనంలోంచే వచ్చింది కదా. బెల్టు ఇచ్చే ఊరటను నేను తీసిపారెయ్యను. అది తల్లికి మందు. బిడ్డకు మందని పొరబడడమే తప్పు.

ఇద్దరు కాపలాదారులకూ కనబడనిది ఒకటుంది. "ఒకటైనా దక్కింది, సంతోషించమ్మా" అని వచ్చినవాళ్ళంతా అంటుంటే, ఇంకో బిడ్డను లోపలే మోస్తూ తల ఊపే తల్లి. బ్రిటన్‌లో ఒక తల్లి 2016లో ఇద్దరిని కని, ఒకరిని 3 గంటల్లోనే పోగొట్టుకుంది. బతికిన బిడ్డను చూసి పక్కవాళ్ళు తెలియక అన్న మాటకు తట్టుకోలేక, ఇలాంటి బిడ్డల ఉయ్యాల మీద ఊదారంగు సీతాకోకచిలుక బొమ్మ పెట్టే పద్ధతి మొదలుపెట్టింది. అది ఎన్నో ఆసుపత్రులకు పాకింది. ఒక కాగితం బొమ్మ చేసే ఆ పని ఏ మిషనూ చెయ్యలేదు. మన వార్డుల్లో కేస్ షీట్ మీద అలాంటి గుర్తు ఒకటి పెట్టడానికి ఖర్చేమీ కాదు.

నా తీర్పు ఇది. బెల్టు ఈ పూటను కాస్తుంది, డాప్లర్ నిన్నటినీ రేపటినీ చదువుతుంది. మాయ ఒకటైన గర్భంలో బెల్టును డాప్లర్‌కు బదులుగా వాడడం వైద్యం కాదు, వైద్యం జరుగుతోందన్న నమ్మకం కలిగించడం మాత్రమే. మాయ ఒకటా రెండా అన్నది తేలేది 11 నుంచి 14 వారాల మధ్య తీసే స్కాన్‌లో. ఆ తర్వాత తేల్చడం రానురాను కష్టమవుతుంది. మీ ఇంట్లో కవలల గర్భిణి ఉంటే ఈరోజే ఫైలు తెరిచి, ఆ మొదటి రిపోర్టులో ఆ మాట రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే వెళ్ళి అడిగి రాయించుకోండి.