సాక్షి చేతిలో గొడ్డలి: ‘ప్రతిఘటన’ చిత్రం – ఒక పరిశీలన

గుంటూరు ప్రాంతంలో కౌబాయ్ చిత్రం అనగానే జ్ఞాపకం వచ్చేది 1971 నాటి ‘మోసగాళ్లకు మోసగాడు’. కథానాయకుడు కృష్ణ తెనాలి సమీపంలోని బుర్రిపాలెం వాస్తవ్యుడు. టోపీ, తుపాకి, గుర్రం, నిధి కోసం వేట – హాలీవుడ్ వేషమంతా ఆ చిత్రంతో తెలుగు తెరకెక్కింది. అయితే ఆ కోవకు చెందిన అమెరికన్ చిత్రాలలో ఉత్తమమైనవి వేసిన ప్రశ్న మాత్రం ఆ వేషంతోపాటు రాలేదు. చట్టం చేతులు ముడుచుకున్నచోట శిక్షించే అధికారం ఎవరికి సంక్రమిస్తుంది? ఈ ప్రశ్న పద్నాలుగు సంవత్సరాల తరువాత, 1985 అక్టోబరులో, ఒక కళాశాల ఉపన్యాసకురాలి రూపంలో తెలుగు ప్రేక్షకుని ముందుకు వచ్చింది. ఆ చిత్రమే ‘ప్రతిఘటన’.

దర్శకుడు టి. కృష్ణ, సంభాషణల రచయిత ఎం.వి.ఎస్. హరనాథరావు – ఇద్దరూ ప్రకాశం జిల్లా వారే. ఒంగోలు నాటకరంగంలో రాటుదేలినవారే. ఉషాకిరణ్ మూవీస్ పతాకాన రామోజీరావు నిర్మించిన ఈ చిత్రంలో విజయశాంతి ఝాన్సీ పాత్రను, చరణ్‌రాజ్ కాళి పాత్రను ధరించారు. కోట శ్రీనివాసరావు పోషించిన రాజకీయ నాయకుని పాత్ర ఆయనకు గొప్ప పేరు తెచ్చింది. 1987లో ఎన్. చంద్ర దీనిని హిందీలో ‘ప్రతిఘాత్’గా తీశారు. అప్పటికి టి. కృష్ణ జీవించి లేరు. 1986లోనే, నిండా నలభై ఏళ్లయినా రాకముందే కన్నుమూశారు.

కథ కొద్దిమాటలలో చెప్పదగినదే. కాళి అనే రౌడీ ఒక పోలీసు అధికారిని అందరూ చూస్తుండగా చంపుతాడు. చూసినవారు ఎందరో ఉన్నా చూశామని చెప్పేది ఝాన్సీ ఒక్కతే. అందుకు ప్రతిఫలంగా నడివీధిలో ఆమెను వివస్త్రను చేస్తారు. ఇంటినుండి కూడా ఆమెకు అండ దొరకదు. కాళి ఎన్నికలలో గెలిచి పెద్దమనిషి అవుతాడు. చివరకు అతనికి జరిగే సన్మానసభలో ఝాన్సీ వేదిక ఎక్కి, అందరి ఎదుట గొడ్డలితో అతనిని నరికివేస్తుంది.

ఈ చిత్రంలో రెండు భాగాలున్నాయి: సాక్షి కథ ఒకటి, గొడ్డలి కథ మరొకటి. మొదటిది తెలుగు చిత్రసీమ గర్వించదగిన వాస్తవికత. పత్తి, మిరప పండే ఈ మైదానాలలో సాక్ష్యం చెప్పడమంటే ఏమిటో తెలిసినవారు తీసిన కథ అది. ఏ ఆసామి చేలో రేపు మిరప కోతకు వెళ్లాలో, ఏ ఆసామి ఇచ్చిన అప్పుతో కూతురి పెండ్లి జరిగిందో, ఆ ఆసామి మనిషి మీదనే కోర్టులో నోరు విప్పాలి. బోనెక్కి దిగిన తరువాత వెళ్లవలసింది మళ్లీ ఆ ఊరికే. ఝాన్సీ కూలి కాదు, చదువుకున్న ఉద్యోగిని. అటువంటి ఆమెకే ఆ గతి పడితే, రెక్కాడితేగాని డొక్కాడని వారి సంగతి చెప్పనవసరం లేదు. నల్లబల్లపై అసభ్యచిత్రం గీసిన విద్యార్థుల ఎదుట ఆమె నిలబడే ఘట్టంలో దోషి కాళి ఒక్కడే కాడు. చూసి ఊరకున్న వీధి, నవ్విన తరగతి, తలవంచుకున్న ఇల్లు – అన్నీ దోషులుగానే నిలుస్తాయి.

కాని చివరి ఘట్టం ఈ దోషులందరినీ విడుదల చేస్తుంది. గొడ్డలి ఒక్కని మెడ మీద పడుతుంది. వీధి, తరగతి, ఇల్లు నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంటాయి. నిన్న సాక్ష్యం చెప్పడానికి భయపడ్డ మనిషే నేడు హాలులో కూర్చుని చప్పట్లు కొడతాడు. అతనినుండి చిత్రం ఏమీ కోరదు. ఇదే దీని ప్రధాన లోపం.

ఈ లోపాన్ని దాటిన చిత్రం అమెరికాలో చాలా ముందే వచ్చింది. విలియం వెల్‌మన్ దర్శకత్వంలో 1943లో విడుదలైన ‘ది ఆక్స్‌బో ఇన్సిడెంట్’ కథ 1885 నాటి నెవాడాలో జరుగుతుంది. ఒక పశువుల ఆసామిని దొంగలు చంపారన్న వదంతి పుడుతుంది. ఊరి షెరీఫ్ లేని సమయం చూసి గుంపు బయలుదేరి ముగ్గురు బాటసారులను పట్టుకుంటుంది. వద్దన్నవారు ఏడుగురే. తెల్లవారుతుండగా ముగ్గురినీ ఉరితీస్తారు. తిరిగివస్తుంటే షెరీఫ్ ఎదురై, ఆ ఆసామి బ్రతికే ఉన్నాడని చెబుతాడు. ఆ గుంపులోనివారంతా దుర్మార్గులు కారు. న్యాయం చేస్తున్నామనే చాలామంది నమ్మారు. ‘ప్రతిఘటన’లో కాళి నేరం ప్రేక్షకుడు కళ్లారా చూశాడు గనుక గొడ్డలి న్యాయంగా కనిపిస్తుంది. నిజజీవితంలో అట్టి హామీ ఎవరికి ఉంటుంది?

ఈ ప్రశ్నకు అమెరికా వరకు వెళ్లనవసరం లేదు. ‘ప్రతిఘటన’ విడుదలకు మూడు నెలల ముందు, 1985 జూలై 17న, దర్శకుని సొంత జిల్లాలోనే కారంచేడు ఘోరం జరిగింది. మాదిగలు మంచినీటికి వాడుకునే చెరువును పాడుచేయవద్దన్నందుకు మొదలైన తగవు అది. మరునాడు భూస్వామ్య కులంవారు గుంపుగా మాదిగపల్లెపై పడ్డారు. ఆరుగురు హతులయ్యారు, స్త్రీలు అత్యాచారానికి గురయ్యారు. ఆ గుంపు కూడా తాను బుద్ధి చెబుతున్నాననే అనుకున్నది. చట్టాన్ని చేతిలోకి తీసుకునే హక్కు ఒకసారి ఒప్పుకుంటే, అది ఒంటరి ఝాన్సీకి దక్కదు. ఎక్కువ చేతులు, ఎక్కువ గొడ్డళ్లు ఉన్నవారికే దక్కుతుంది.

కారంచేడులో ప్రతీకారం కూడా జరిగింది. నిందితులలో ముఖ్యునిగా పేరుపడ్డ వ్యక్తిని 1989లో నక్సలైట్లు హతమార్చారు. న్యాయం జరిగిందని సంతోషించినవారున్నారు. కాని ఆ చావుతో ఆయన విషయంలో విచారణ శాశ్వతంగా మూతపడింది. నేరం రుజువైందనడానికీ, కాలేదనడానికీ వీలులేకుండా పోయింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, ఇరవైతొమ్మిది మందికి మూడేళ్ల శిక్ష విధించింది. ఇరవైమూడేళ్ల ఆలస్యం సిగ్గుచేటే. అయినా ఆ పల్లె మనుమలకు, మీ తాతలకు జరిగింది నేరమేనని రాజ్యం చేతనే వ్రాయించినది ఆ తీర్పే.

ఇస్లామీయ చరిత్రలో ఇటువంటి పరీక్ష మొదటి తరంలోనే ఎదురైంది. క్రీ.శ. 644లో ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) హత్యకు గురైనప్పుడు, ఆయన కుమారుడు ఉబైదుల్లాహ్ కుట్రలో భాగముందన్న అనుమానంతో హుర్‌ముజాన్‌ను, మరికొందరిని చంపివేశాడు. తండ్రిని పోగొట్టుకున్న కొడుకు దుఃఖం అందరికీ తెలిసినదే. అయినా సహాబాలు అతనిని నిర్బంధించారు. కొత్త ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) ముందుకు వచ్చిన మొదటి వ్యాజ్యాలలో అది ఒకటి. ఖిసాస్ అమలు జరపాలన్నారు హజ్రత్ అలీ (రజి). ప్రసిద్ధ కథనం ప్రకారం, హతునికి వారసులు లేనందున హజ్రత్ ఉస్మాన్ (రజి) రక్తపరిహారంగా మార్చి, తన సొమ్ము నుండే చెల్లించారు. ఆ నిర్ణయంపై అప్పుడూ భేదాభిప్రాయాలున్నాయి. ఖలీఫా కుమారుడైనా, దుఃఖితుడైనా, అనుమానంతో కత్తి ఎత్తితే న్యాయపీఠం ముందు నిలబడవలసిందేనన్న విషయంలో మాత్రం భేదం లేదు. హతుని వారసులకు హక్కు ఇస్తూనే ప్రతీకారంలో హద్దు మీరరాదని బనీ ఇస్రాయీల్ సూరా నియమం విధించింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ తప్పక వస్తుంది. న్యాయస్థానమే విఫలమైతే? గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులు హతులయ్యారు. బాధితుల పట్టుదల వలన ప్రత్యేక న్యాయస్థానం ఆ ఊరిలోనే కొలువుదీరింది. 2007లో ఇరవైఒక్క మందికి యావజ్జీవం, ముప్పైఐదు మందికి ఏడాది శిక్ష పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టివేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. ఝాన్సీ పక్షాన వాదించేవారికి ఇంతకంటె బలమైన ఆధారం ఉండదు. దీనిని తేలికగా త్రోసిపుచ్చడం అన్యాయం.

కాని చుండూరులో అసలు ప్రతిఘటన ఏదని ఆలోచించాలి. చంపినవారి ఊరిలోనే, వారి బంధువుల కళ్ల ముందే, బోనెక్కి జరిగింది చెప్పినవారున్నారు. ఝాన్సీ ఒంటరిగా చేసిన మొదటి పనిని వారు ఏళ్ల తరబడి చేశారు. తీర్పు తారుమారైనా ఆ సాక్ష్యం అబద్ధమైపోదు.

‘ప్రతిఘటన’ చూసినవారికి గొడ్డలే గుర్తుండిపోయింది. గుర్తుంచుకోవలసింది పోలీస్ స్టేషన్ మెట్లెక్కిన ఝాన్సీని. న్యాయం కోసం తల్లిదండ్రులకు, సొంతవారికి, తనకే వ్యతిరేకమైనా సాక్ష్యం చెప్పవలసిందేనని అన్నిసా సూరా విశ్వాసులపై మోపిన బాధ్యత బరువైనది. కాళి వంటివాడు పొరుగు ఊరివాడైతే చప్పట్లు కొట్టడం సులభం. సొంత వీధివాడైనప్పుడు, సొంత మేనమామ అయినప్పుడు, పంచాయతీ పెద్దలు ‘నీవు చూడలేదని చెప్పు, చాలు’ అన్నప్పుడు, చూశానని చెప్పగలిగినవాడే ఈ చిత్రానికి సరైన ప్రేక్షకుడు.