మరుగుపడిన అక్షరాలు – రాతకెక్కని ధ్వనులు

చైనా మహారచయిత లూసున్ 1919లో ప్రచురించిన 'కుంగ్ ఇ చీ' కథ అభ్యుదయ పాఠకులకు కొత్తది కాదు. పరీక్ష గట్టెక్కలేక, ఒళ్ళొంచి పనిచేయడానికి మనసొప్పక, మాసి చిరిగిన పొడవాటి అంగీతో సారా దుకాణంలో నిలబడి తాగే ఒక బీద పండితుడి కథ అది. దుకాణంలో పనిచేసే కుర్రవాడికి అతను అక్షరాలు నేర్పబోతాడు. 'హుయి' అనే ఒక్క అక్షరాన్నే నాలుగు విధాలుగా రాయవచ్చునని గొప్పగా చెబుతాడు. కుర్రవాడు విసుక్కుంటాడు. తాగవచ్చినవాళ్ళు అతన్ని చూసి నవ్వుతారు. చివరకు దొంగతనం చేశాడని ఒక పెద్ద ఇంట్లో కాళ్ళు విరగ్గొడితే, చేతులతో దేకుతూ ఒకసారి వచ్చి, ఆ తర్వాత కనిపించకుండా పోతాడు.

ఈ కథను మనం చాలాకాలంగా ఒకవైపు నుంచే చదువుకుంటున్నాం. జనానికి పనికిరాని పాండిత్యం మీద వ్యంగ్యం అన్నాం. అది నిజమే. కాని లూసున్ ఆ నవ్వినవాళ్ళను కూడా వదిలిపెట్టలేదు. అతని కాళ్ళు విరిగినా, ప్రాణం పోయినా వాళ్ళకు పట్టలేదు. బాకీ పలక మీద అతని పేరు మాత్రం మిగిలింది. తెలుగులో మరుగుపడిన అక్షరాల విషయంలో మన విమర్శ కూడా ఆ నవ్వేవాళ్ళ పక్కనే నిలబడిపోయిందని నా అభిప్రాయం. నేనూ నిలబడ్డాను కనుక ఈ మాట అనే హక్కు నాకుంది.

బండి ఱ సంగతి చూడండి. ఆమదాలవలసలో నేను చదువుకునే రోజుల్లో పద్యం అప్పజెప్పి రాయమంటే, బండి ఱ బదులు మామూలు ర రాసినందుకు వేళ్ళ కణుపుల మీద స్కేలు దెబ్బ తిన్నాను. రెండింటికీ తేడా ఏమిటని అడిగితే, పుస్తకంలో అలా ఉందన్నారు. ఆ దెబ్బ గుర్తుండబట్టే ఎమ్మే చదివేనాటికి బండి ఱ అన్నా, అరసున్న అన్నా నాకు ఫ్యూడల్ పెత్తనానికి గుర్తులుగా కనిపించేవి. 'చచ్చిన అక్షరాలను పూడ్చిపెట్టాలి' అని సభల్లో మాట్లాడి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

ఆ మాటలో సగం నిజం ఉంది. ర, ఱ ల తేడా నోటిలో పోయి శతాబ్దాలైంది. ఏ మాటలో బండి ఱ రావాలో లాక్షణికులు పట్టికలు కట్టి ఇవ్వవలసి వచ్చింది. పట్టిక కావలసి వచ్చిందంటే చెవి అప్పటికే మరిచిపోయిందన్నమాట. చెవికి లేని తేడాను పిల్లవాడి చేతికి నేర్పడం విద్య కాదు, శిక్ష. ౡ సంగతి మరీ వింత. సంస్కృతంలో సైతం దానితో వాడుక మాట లేదు. ప్రతి హ్రస్వానికీ ఒక దీర్ఘం ఉండాలన్న లెక్క కోసం వర్ణమాలలో కూర్చోబెట్టారు. మాట లేని అక్షరాన్ని తరతరాల పిల్లల చేత దిద్దించారు.

మిగిలిన సగం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 'ఏరు' అంటే నాగలి. ఏరువాకలో ఉన్నది అదే. 'ఏఱు' అంటే నది. ఈనాడు నాగావళి ఒడ్డున రైతు రెండింటినీ ఒకేలా పలుకుతాడు. అందులో తప్పేమీ లేదు. కాని తమిళంలో నాగలి 'ఏర్', నది 'ఆఱు'. అంటే మన పాత రాతలోని తేడా పండితుడు పుట్టించింది కాదు. ఒకనాడు దున్నేవాడి నోట, పడవ నడిపేవాడి నోట ఉన్నదే. అలాగే 'ఏడు' ఒక సంఖ్య, 'ఏఁడు' ఒక సంవత్సరం. ఆ అరసున్న ఉన్నచోట ఒకనాడు నిండు అనునాసికం పలికేది. తమిళంలోని 'యాండు' దానికి సాక్ష్యం.

ఇంకా వెనక్కి పోదాం. కడప జిల్లా కలమళ్ళ శాసనం సుమారు 575 నాటిది. ఆ కాలపు రేనాటి రాజుల శాసనాల్లో మనకిప్పుడు పేరైనా తెలియని ఒక అక్షరం ఉంది: ఴ. ఇప్పటి 'ఏడు' అప్పటి 'ఏఴు'. 'కోడి' అప్పటి 'కోఴి'. 'చోడ' అన్నా 'చోళ' అన్నా ఆ 'చోఴ' నుంచి చీలినవే. పదకొండో శతాబ్దిలో నన్నయ నాటికి ఆ అక్షరం వాడుకలో లేదు. కావ్యభాషకు నన్నయను ప్రమాణంగా పెట్టుకున్న పండితులు, ఆయనకు ముందే ఒక అక్షరం రాలిపోయిందని, ఆ రాలిపోవడాన్ని ఎవరూ ఆపలేదని చెప్పలేదు. భాష మారుతుందనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఉందా? ఆ సాక్ష్యాన్ని 'చచ్చిన అక్షరం' అని మనమే పూడ్చిపెడితే లాభం ఎవరికి?

రూపాంతరాల సంగతీ ఇంతే. పాత పుస్తకాల్లో నకారపొల్లుకు వేరే గుర్తు ఉండేది. 'ధర్మ' వంటి మాటలో రేఫను తొమ్మిది అంకెలాంటి వలపలగిలకగా అక్షరం తర్వాత రాసేవారు. ఇవి చదవలేనివాడు పాత ప్రతిని ఎత్తిరాస్తే తప్పులు పడతాయి. ప్రాచీన కావ్యాలను ఇప్పుడు తిరిగి అచ్చువేసేవారిలో కొందరు 'సౌలభ్యం' పేరుతో బండి ఱ ను, అరసున్నను తీసేస్తున్నారు. ప్రాసలో కవి పాటించిన నియమం దానితో కనబడకుండా పోతుంది. పిల్లవాడి నోటుపుస్తకం వేరు, చారిత్రక పత్రం వేరు. మొదటిదానిలో వద్దన్నదాన్ని రెండోదానిలో నుంచి చెరిపేయమని ఏ అభ్యుదయ సిద్ధాంతమూ చెప్పలేదు.

ఇక్కడ అసలు విషయానికి వస్తాను. అరుదైన అక్షరాలు రెండు రకాలు. నోటిలో ధ్వని పోయి రాతలో మిగిలినవి కొన్ని. నోటిలో ధ్వని ఉండి రాతలో చోటు దొరకనివి కొన్ని. మన వాదోపవాదాలన్నీ మొదటి రకం చుట్టూనే తిరిగాయి. పండితుడు ఉంచమన్నాడు, మనం తీయమన్నాం. రెండో రకం గురించి ఇద్దరమూ మాట్లాడలేదు.

'చలి', 'చాప', 'జల్లు' అని పైకి అనుకుని చూడండి. ఇది 'చేప'లో ఉన్న చకారం కాదు. నాలుక పళ్ళ వైపు పోతుంది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి తెలుగుకు 36 వర్ణాలు చెప్పి, ఈ దంత్య చ, జ లను వాటిలో విడిగా లెక్కపెట్టాడు. ఆయన్ను ఛాందసుడని కొట్టిపారేసే మనం ఈ ఒక్క విషయంలో ఆయన చెవిని మెచ్చుకోవాలి. కాని ౘ, ౙ అనే గుర్తులు బడిలో నిలవలేదు. అచ్చుల్ని బట్టి ఏది పలకాలో తెలుగువాడికి తెలుస్తుంది కనుక వేరే అక్షరం అవసరం లేదన్న వాదన ఉంది. అది అర్థంలేని వాదన కాదు. అయినా కంప్యూటర్ల కోసం ఏర్పడిన యూనికోడ్‌లో జరిగింది చూడండి. మాటే లేని ౡ కు 1990ల తొలి ఏళ్ళలోనే చోటు దొరికింది. కోట్లమంది నోట రోజూ పలికే ౘ, ౙ లకు 2008 దాకా దొరకలేదు. యంత్రం కొత్తదే, దానిలోకి ఎక్కినది మాత్రం పాత వర్ణమాల పెత్తనమే.

మన జిల్లా కొండల్లో ఈ ప్రశ్న ఇంకా పదునుగా ఉంది. గిడుగు రామమూర్తి 1863లో పర్వతాలపేటలో పుట్టాడు. ముఖలింగం గుడి శాసనాల ప్రాచీన లిపిని సొంతంగా నేర్చుకుని చదివాడు. పర్లాకిమిడిలో మాస్టరుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం పుస్తకాలు రాశాడు, బడులు పెట్టాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించాడు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఆయనకు మనం ఏటా ఆగస్టు 29న దండ వేస్తాం. కాని ఒక సంగతి గమనించం. ఎవరూ చదవని లిపిని చదివినవాడు, ఎవరూ రాయని భాషను రాసినవాడు ఒక్కరే. పాత అక్షరం మీద ప్రేమ, కొత్త నోటి మీద గౌరవం ఆయనలో తగవులాడుకోలేదు. అక్షరం మారుతుందని శాసనాల్లో కళ్ళారా చూసినవాడు కనుకనే గ్రాంథికవాదులకు భయపడలేదని నేననుకుంటాను.

సవరలో గొంతు దగ్గర ఊపిరిని ఒక్క క్షణం బిగబట్టి వదిలే ధ్వని ఉంది. మన 56 అక్షరాల్లో దానికి గుర్తు లేదు. 1936లో మంగేయి గొమాంగో అనే సవర తన జాతికి 'సొరంగ్ సొంపెంగ్' అనే లిపి కట్టాడు. ఒక్కొక్క అక్షరాన్ని ఒక్కొక్క దేవతగా కొలిచారు. హేతువాదులం కనుక మనకు అది మూఢభక్తిగా కనిపించవచ్చు. కాని 'మా నోటిది కూడా రాయదగినదే' అని చెప్పడానికి ఆ ప్రజకు అప్పుడు దొరికిన భాష అదే. ఆ లిపికి 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది. మన రాష్ట్రంలో 2004లో మొదలైన గిరిజన భాషల విద్యా కార్యక్రమంలో సవర వాచకాలు తెలుగు లిపిలోనే వచ్చాయి.

ఈ చరిత్రంతా తెలియక ముందు నేను చేసిన పని ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏజెన్సీ బడిలో ఉండేవాణ్ణి. రిజిస్టరులో ఒక సవర పిల్లవాడి ఊరి పేరు రాసి చదివాను. "అలా కాదు మేస్టారూ" అని వాడు మళ్ళీ పలికాడు. మధ్యలో గొంతు పట్టినట్టు ఒక చిన్న ఆగుడు. మళ్ళీ చదివాను. మళ్ళీ కాదన్నాడు. "అది తెలుగులో రాదురా" అన్నాను. వాడు తల దించుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత నేనెలా చదివితే అలాగే పలికాడు. నా వేళ్ళ మీద పడ్డ స్కేలు దెబ్బకూ నేను అన్న ఆ మాటకూ తేడా ఏమిటి? లేని ధ్వనికి అక్షరం రాయలేదని నన్ను కొట్టారు. ఉన్న ధ్వనికి అక్షరం లేదని నేను వాడి నోరు మూయించాను. నేను అభ్యుదయవాదినని అప్పటికే అనుకుంటున్నాను.

చైనా అనుభవం ఇక్కడ పనికొస్తుంది. విప్లవం తర్వాత, 1955లో, అక్కడ 1,055 రూపాంతర అక్షరాలను రద్దుచేశారు. కోట్లమందికి చదువు అందించడానికి అది అవసరమైన పని. తర్వాత పేర్ల చిక్కు వచ్చింది. మనుషుల పేర్లలో, ఊళ్ళ పేర్లలో ఉన్న అరుదైన అక్షరాలు యంత్రానికెక్కలేదు. 2013లో 8,105 అక్షరాల జాబితా ప్రకటించినప్పుడు, రద్దయిన రూపాంతరాల్లో 45 తిరిగి అంగీకరించారు. ముందు చదువు కోసం తీసేశారు, తర్వాత మనిషి కోసం కొన్ని వెనక్కి పిలిచారు. రెండూ ప్రజల పక్షాన చేసిన పనులే.

కనుక నా ప్రతిపాదనలు ఇవి. బండి ఱ కోసం ఏ పిల్లవాడికీ మార్కు తగ్గించకూడదు. ప్రాచీన కావ్యాల పునర్ముద్రణలో మూలం రాతను మార్చకూడదు. తెలుగు ఉపాధ్యాయుల శిక్షణలో ఒక్క రోజైనా ముఖలింగం రాళ్ళ ముందు నిలబెట్టి చదివించాలి. సవర ధ్వనికి ఏ గుర్తు ఉండాలో సవర ఉపాధ్యాయులు నిర్ణయించాలి, మనం పాటించాలి.

ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడై ఉంటాడు. వాడి ఊరి పేరు ఆ రిజిస్టరులో నా చేతిరాతతో, ఈనాటికీ తప్పుగానే ఉంది.