ఆ చెప్పు ఇటు తిప్పమ్మా

"సార్, ఆనెకాయ అయింది. కోసి తీసెయ్యుండ్రి."

శంకరంపేటలో అరికాలి నొప్పితో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది జబ్బు పేరు వాళ్లే చెబుతారు. పాదంలో గట్టిగా ఏది తగిలినా మనకు ఆనెకాయే. నేను మాత్రం ముందు చెప్పులు అడుగుతాను. అవి గడప అవతల ఉంటాయి. లోపలికి తెమ్మంటే మొహమాటపడతారు.

మొన్న నాట్లకు పోయే ఒకామె వచ్చింది. కుడికాలి చిటికెనవేలి మొదట్లో, అరికాలి వైపు గట్టి బొడిపె. రబ్బరు చెప్పు తిప్పి చూస్తే సరిగ్గా ఆ చోటే అరిగి పలకలా పలచబడింది. నడవమన్నాను. ఆ కాలు బయటి అంచు మీదే మోపుతోంది. "మోకాలు గుంజుతున్నది సార్, సక్కగ మోపనీకి రాదు" అంది. బొడిపె పాదంలో ఉంది, కారణం మోకాట్లో ఉంది.

అయినా చర్మాన్ని చదవకుండా తేల్చకూడదు. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, వెలుతురులో చూస్తాను. ఆనె మీదుగా చర్మపు గీతలు తెగకుండా సాగిపోతాయి. నిలువుగా నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి. బ్లేడుతో పైపొర పలుచగా చెక్కితే నడుమ కొమ్ములా గట్టిగా, పసుపుపచ్చగా ములుకు కనిపిస్తుంది, నెత్తురు రాదు. పులిపిరి అయితే గీతలు దాని చుట్టూ తిరిగిపోతాయి. రెండు పక్కల నుంచి పట్టి నొక్కితే ఎక్కువ నొప్పి. నల్లచుక్కలు కనిపిస్తే జనం వేర్లంటారు. అవి గడ్డకట్టిన సన్నటి రక్తనాళాలు. పులిపిరికి మూలం వైరస్, చెప్పులు మార్చినంత మాత్రాన పోదు.

ఈ తేడా నేను పుస్తకంలో చదివీ తప్పాను. తొలి రోజుల్లో హాస్టల్ పిల్లాడి పులిపిరిని ఆనె అనుకుని చెక్కాను. సూదిమొనలంత నెత్తుటి చుక్కలు లేచాయి. కొన్ని వారాలకు పక్కన ఇంకో మూడు మొలిచాయి. ఆ పాదం నాకు ఇప్పటికీ గుర్తే. తుమ్మముల్లు విరిగి లోపలే ఉండిపోయినా ఇలాగే గట్టిపడుతుంది. అందుకే "ముల్లు గుచ్చుకుందా?" అని తప్పక అడుగుతాను.

తాళ్లెక్కే గౌడన్నల పాదాలకు గుజి (కాళ్లకు వేసుకునే బంధం) ఒరుసుకునే చోట కాయలు కాస్తాయి. నొప్పి లేకపోతే వాటిని ముట్టను. చెట్టు మీద ఆ తోలే వాళ్లకు కాపు.

నొప్పి లేని కాయ నన్ను భయపెట్టేది షుగర్ ఉన్నవాళ్లలో, కుష్టు వచ్చి తగ్గినవాళ్లలో. స్పర్శ పోయిన పాదంలో కాయ కిందే పుండు పడుతుంది, మనిషికి తెలియదు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915 నుంచి కుష్టు ఆస్పత్రి ఉంది. కుష్టు మాంసాన్ని తినేస్తుందని లోకమంతా నమ్ముతున్న కాలంలో, 1946లో వెల్లూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ స్పర్శ లేని పాదం మీద పడే ఒత్తిడే పుండుకు కారణమని చూపించారు. మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు ఆ ఎరుక నుంచే వచ్చాయి. షుగర్ ఉన్నవాళ్లు మందుల షాపు కార్న్ ప్లాస్టర్ వేసుకోకండి. అందులోని సాలిసిలిక్ ఆమ్లం మంచి చర్మాన్నీ కాలుస్తుంది, ఆ మంట మీకు తెలియదు.

నాట్ల ఆమెకు ఆనె చెక్కి, మోకాలికి మందు రాసి, మెత్తటి చెప్పులు కొనమన్నాను. నెల తర్వాత వచ్చింది. నేను అడగకముందే కొత్త జత చేత్తో పట్టుకుని గడప దాటింది. ఆనె పలచబడింది, పూర్తిగా పోలేదు. మోకాలు ఇంకా గుంజుతూనే ఉంది. చెప్పు తిప్పి చూశాను, ఈసారి మడమ దగ్గర కూడా మట్టి అంటి ఉంది.